ఈఈజీ మిషన్‌లో మనిషి ఇష్టం కనబడుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒడిశా బరంపురంలో ఈఈజీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నా. ఫిట్స్ ఉన్నవాళ్ళ తలకి పేస్ట్ రాసి వైర్లు అతికించి మెదడు గీతలు తీయడం నా పని, ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గుణుపురం వైపు నుంచి మన తెలుగువాళ్ళు చాలామందే వస్తారు. ఈమధ్య కాలేజీ పిల్లలు వీడియోలు చూసొచ్చి "అన్నా, మనిషికి సొంత ఇష్టం లేదని సైన్స్ తేల్చేసిందంట కదా" అంటున్నారు, పక్కనున్న పెద్దవాళ్ళు "మేం ఎప్పట్నుంచో అదే చెప్తన్నాం, అంతా తలరాత" అంటున్నారు. రెండూ ఒకటి కాదు, అందుకే రాస్తున్నా.

అపోహ: వైర్లు పెడితే మనసులో ఏముందో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలీదు. లక్షల కణాలు కలిసి చేసే కరెంటు పుర్రె దాటి పైకొచ్చేసరికి మైక్రోవోల్టుల్లో ఉంటుంది, మేం చూసేది అంతే. కళ్ళు మూసుకుంటే తల వెనకవైపు సెకనుకి 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగం కనబడుతుంది, నిద్రపడితే గీత మారుతుంది, ఫిట్స్ ఉన్నవాళ్ళలో స్పైకులు, అంటే సూదిమొనల్లా లేచే గీతలు, రావచ్చు. రాకపోవచ్చు కూడా, రిపోర్ట్ నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేనట్టు కాదు. ఇలాంటి గీతలతోనే నేరం కనిపెడతామని పోలీసు కేసుల్లో వాడారు, మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చెయ్యకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: మనం అనుకోకముందే మెదడు నిర్ణయం తీసేసుకుంటుంది, ఇష్టం అనేది ఉత్త భ్రమ.

వాస్తవం: ఇది 1983లో అమెరికాలో బెంజమిన్ లిబెట్ అనే మెదడు శాస్త్రవేత్త చేసిన ప్రయోగం నుంచి వచ్చిన మాట. నీకెప్పుడు అనిపిస్తే అప్పుడు చెయ్యి కదుపు, అనిపించిన క్షణంలో గడియారం మీద చుక్క ఎక్కడుందో చెప్పు అన్నారు. చెయ్యి కదలడానికి దాదాపు 550 మిల్లీసెకన్ల (సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకను) ముందే మెదడులో ఒక తరంగం మొదలైంది, కదపాలి అనిపించింది మాత్రం 200 మిల్లీసెకన్ల ముందు. వీడియోలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ మా పని తెలిసినవాళ్ళు అడిగేది వేరే, ఆ తరంగం ఒక్కసారి చెయ్యి కదిపితే గీతలో కనబడేది కాదు, మామూలు గీతల గందరగోళంలో కలిసిపోతుంది, 40 సార్లు కదిపించి అన్నీ సగటు చేస్తేనే బయటపడింది. 2012లో ఆరన్ షర్గర్ అనే శాస్త్రవేత్త వాళ్ళు ఇంకోమాట చెప్పారు, మెదడులో ఎప్పుడూ ఉండే ఎగుడుదిగుళ్ళు ఒక హద్దు దాటినప్పుడే చెయ్యి కదులుతుందనుకుంటే, వెనక్కి చూసి సగటు తీసినప్పుడు అచ్చం అలాంటి తరంగమే వస్తుందని. 2008లో ఇంకొందరు మెదడు స్కాన్ చూసి, మనిషి కుడి బటన్ నొక్కుతాడా ఎడమదా అని కొన్ని సెకన్ల ముందే ఊహించామన్నారు, అది కూడా దాదాపు 60 శాతమే కరెక్ట్, బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. లిబెట్ కూడా ఇష్టం లేదనలేదు, చివరి క్షణంలో వద్దు అనుకుని ఆపే వీలుందన్నాడు.

సరే, రేపు 100 శాతం ఊహించే మిషనే వచ్చిందనుకుందాం. అప్పుడైనా "మెదడు చేసింది, నేను చెయ్యలేదు" అనాలంటే మెదడు వేరు నేను వేరు అని ముందే ఒప్పుకోవాలి కదా, ఆ ఒప్పుకోలు ఏ గీతలో ఉంది? అది ప్రయోగం చెప్పింది కాదు, ప్రయోగానికి ముందే మనం పెట్టుకున్నది. పైగా ఏ కారణమూ లేకుండా వేలు ఆడించడం ఒకటి, సూరత్ మిల్లుకి పోవాలా అమ్మానాన్నల దగ్గరే ఉండాలా అని గంజాం కుర్రాడు నెలల తరబడి తన్నుకులాడటం ఇంకోటి. రెండోదానికి చెయ్యి కదిలిన క్షణంలాంటి సున్నా సెకను ఎక్కడ పెట్టి కొలుస్తారు?

అపోహ: క్వాంటం సైన్స్ (అణువులంత చిన్నవాటి దగ్గర ఏది ఎటు పడుతుందో ముందే చెప్పలేమనేది) వల్ల మనిషికి స్వేచ్ఛ ఉందని రుజువైంది.

వాస్తవం: కాలేదు. ఎటు పడుతుందో తెలీకుండా పడేదాన్ని నా ఇష్టం అని ఎవరూ అనరు.

అపోహ: మెదడులో కారణం కనబడితే ఇంక ఎవరి తప్పూ లేదు.

వాస్తవం: ఇది నాకు బాగా దగ్గర విషయం. కొన్నిరకాల ఫిట్స్‌లో మనిషి పడిపోడు, పెదాలు చప్పరిస్తాడు, చొక్కా గుండీలు లాగుతాడు, లేచి నడిచి పోతాడు కూడా, తర్వాత ఏమీ గుర్తుండదు. తల్లి వచ్చి "కావాలనే చేస్తన్నాడేటి బాబూ" అని అడుగుతుంది. ఆ టైములో గీత దొరికితే డాక్టరుగారు కాదని చెప్పగలరు, అక్కడ సైన్స్ నిజంగా ఒక పిల్లాణ్ణి దెబ్బల నుంచి కాపాడుతుంది. కానీ అన్ని పనుల వెనకా మెదడు ఉంది, మంచి పనుల వెనకా ఉంది, కాబట్టి మెదడులో కారణం ఉండటం ఒక్కటే తప్పు మాఫీ చెయ్యదు. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ కూడా మతి సరిగా లేనివాడికి చేసేదేంటో, అది తప్పో కాదో తెలుసుకునే శక్తి ఉందా అనే చూస్తుంది. జబ్బుకీ తప్పుకీ మధ్య హద్దు ఎక్కడ గియ్యాలో మనుషులు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే.

అపోహ: సైన్స్ చెప్పలేకపోతే ఎవరు ఏం చెప్పినా చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. ఇష్టం అంటే ఏంటో మా మిషన్ చెప్పలేదు గానీ, ఫిట్స్ వచ్చినప్పుడు పిల్లాడి చేత దెయ్యం చేయిస్తోంది అనే మాట తప్పని గట్టిగా చెప్పొచ్చు, స్పైకులు మెదడులో ఎటువైపు పుడుతున్నాయో చాలాసార్లు చూపించొచ్చు. గుణియా (భూతవైద్యుడు) దగ్గరికి తీసుకెళ్ళి మందులు ఆపేసినవాళ్ళ పిల్లలు మళ్ళీ ఫిట్స్‌తోనే వస్తున్నారు, అడగాల్సిన ప్రశ్నలు ఎన్నున్నా అడగండి, ఆ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు.