ఉన్నదెంత, ఒంటికి పట్టేదెంత: పాలకూర, సోయాపాలు

పొదిలి వైపు ఉండే మా మేనత్తకు పాలు తాగితే కడుపు ఉబ్బరించేది. అందుకని నడివయసులోనే పాలు పూర్తిగా మానేసింది. మరి ఎముకల సంగతేమిటత్తా అని అడిగితే, "పాలు లేకపోతే ఏం నాయనా, దినం మార్చి దినం పాలకూర తింటా ఉండాను గదా, పేరులోనే పాలుండాయి" అని నవ్వేది. నెల్లూరులో కాపురముంటున్న ఆమె కూతురు మాత్రం పాలకూరతో లాభం లేదని, సోయాపాల డబ్బాలు కొని పంపడం మొదలుపెట్టింది. రెండింటిలో ఏది మేలో తేల్చమని తల్లీకూతుళ్లిద్దరూ నన్ను అడిగినప్పుడు, ఆ ప్రశ్నకు పోషకాల పట్టిక ఒక్కటే జవాబు చెప్పలేదని నాకు అర్థమైంది.

ముందుగా పేరు సంగతి. పాలకూరలోని 'పాల'కు, మనం తాగే పాలకు ఏ సంబంధమూ లేదు. సంస్కృతంలో పాలంక్య, హిందీలో పాలక్ అనే మాటకు మనం కూర అనే మాటను తగిలించుకున్నాం. పైగా మన సంతల్లో పాలకూర పేరుతో అమ్మే ఆకు చాలా చోట్ల విదేశీ గ్రంథాలు వర్ణించే స్పినాచ్ కాదు. అది బీట్‌రూట్ జాతికి చెందిన మొక్క. రెండూ ఒకే కుటుంబానివి కావడం వల్ల, రెండింటిలోనూ కాల్షియంను పట్టి ఉంచే ఆక్సలేట్ అనే పదార్థం దండిగా ఉండటం వల్ల, ఇక్కడ చెప్పబోయే విషయం రెండింటికీ వర్తిస్తుంది.

కాల్షియం గురించి ఆ ప్రాంతంలో అడగడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు, పళ్లు దెబ్బతినే వ్యాధిని వైద్యులు మొదటిసారి వివరంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు ఆనాడు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆహారంలో కాల్షియం తగినంత ఉంటే అది పేగులోనే కొంత ఫ్లోరైడును పట్టి బయటికి పంపేస్తుంది, తక్కువైతే ఫ్లోరైడు చేసే చెరుపు ఎక్కువవుతుంది. కాబట్టి అక్కడి మనిషి పాలు మానేసినప్పుడు, ఆ లోటును దేనితో పూడ్చుకుంటున్నారన్నది చిన్న విషయం కాదు.

పట్టిక తెరిస్తే మా అత్త మాటే నిజమనిపిస్తుంది. 100 గ్రాముల పచ్చి పాలకూరలో సుమారు 80 నుండి 100 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. ఆవుపాలలో ఉండేది సుమారు 120 మి.గ్రా. అంటే ఆకు పాలకు పెద్దగా తీసిపోలేదు. అయితే పాలకూరలోని కాల్షియంలో చాలా భాగం ఆక్సలిక్ ఆమ్లంతో కలిసి, నీటిలో కరగని కాల్షియం ఆక్సలేటుగా మారి ఉంటుంది. కరగనిది పేగు గోడను దాటదు, వచ్చిన దారినే బయటికి పోతుంది. అమెరికాలో ఎముకల పరిశోధకుడు రాబర్ట్ హీనీ బృందం 1988లో ప్రకటించిన ప్రయోగంలో, పాలకూరలోని కాల్షియంను జాడ తెలిసేలా గుర్తుపెట్టి మనుషులకు తినిపించి, రక్తంలోకి ఎంత చేరిందో కొలిచారు. పాలలోని కాల్షియంలో దాదాపు 28 శాతం ఒంటికి పట్టగా, పాలకూరలోని కాల్షియంలో పట్టింది 5 శాతం మాత్రమే.

ఆ లెక్కన ఒక పూటకు 200 గ్రాముల పాలకూర వండుకుని ఒక్కరే తిన్నా, పట్టికలో కనిపించే 200 మి.గ్రా.లలో ఒంటికి చేరేది పది మి.గ్రా. ఒక గ్లాసు, అంటే 200 మి.లీ. ఆవుపాల నుండి 65 మి.గ్రా. దాకా చేరుతుంది.

ఇక సోయాపాలు. ఇక్కడ కూతురి మాట సగమే నిజం. సోయా గింజలను నానబెట్టి, రుబ్బి, వడకట్టి కాచిన పాలలో సహజంగా ఉండే కాల్షియం 100 మి.లీ.కు 25 మి.గ్రా. ప్రాంతంలోనే. ఒక గ్లాసుకు 50 మి.గ్రా., అందులో ఒంటికి పట్టేది ఏ పది పన్నెండు మి.గ్రా.నో. అంటే ఇంట్లో తీసిన సోయాపాలు, పాలకూర ఈ ఒక్క విషయంలో ఇంచుమించు ఒకే మెట్టు మీద నిలుస్తాయి. కంపెనీలు అమ్మే డబ్బాల సంగతి వేరు. వాటిలో కొన్నింటికి కాల్షియం కార్బొనేటునో, ఫాస్ఫేటునో కలిపి ఆవుపాల స్థాయికి తెస్తారు. అలా కలిపిన కాల్షియం రకాన్ని బట్టి ఆవుపాలతో సమానంగానో, దానిలో ముప్పాతిక వంతో ఒంటికి పడుతుంది. అయితే డబ్బా మీద కాల్షియం కలిపినట్లు రాసి ఉండాలి, తాగే ముందు డబ్బాను బాగా కుదపాలి. కలిపిన సున్నపు పొడి అడుగున పేరుకుపోతే, పైపై పాలు తాగినవారికి దక్కేది తక్కువ. మా అత్త ఇంట్లో ఖాళీ డబ్బా కోసి చూస్తే అడుగున తెల్లటి మడ్డి కనిపించింది.

మాంసకృత్తుల విషయంలో సోయాపాలకు ఎదురులేదు. ఇక్కడ కూడా పట్టిక కొంత తికమక పెడుతుంది. 100 గ్రాముల పాలకూరలో రెండు నుండి మూడు గ్రాములు, 100 మి.లీ. సోయాపాలలో మూడు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక రెండూ సమానమే కదా అనిపిస్తుంది. కానీ అరవై కిలోల మనిషికి రోజుకు కావలసిన 50 గ్రాముల మాంసకృత్తులను పాలకూర ఒక్కదాని నుండే రాబట్టాలంటే దాదాపు కిలో ముప్పావు ఆకు తినాలి. మేకలకు సాధ్యం కావచ్చు. సోయాపాలు రెండు గ్లాసులు తాగితే 12 గ్రాములు తేలికగా వస్తాయి. అంతకన్నా ముఖ్యమైనది, మన వరి అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం సోయాలో పుష్కలంగా ఉండటం. నిజానికి కందిపప్పు కూడా మనకు ఇదే పని చేసిపెడుతోంది. సోయాను ఇంట్లో తీసుకునేవారు బాగా మరిగించడం మానరాదు. పచ్చి గింజలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే పదార్థాలు ఉంటాయి, అవి వేడికే లొంగుతాయి.

పాలకూర గెలిచే చోట్లు వేరే ఉన్నాయి. కంటిచూపుకు కావలసిన విటమిన్ ఏ మన ఒంట్లో తయారయ్యేది ఆకులోని బీటా కెరోటిన్ నుండే. అది నూనెలో కరిగేది కనుక పప్పులో వేసే తాలింపు రుచికి మాత్రమే కాదు, అది ఒంటికి పట్టడానికి కూడా. ఫోలేట్ సంగతి మరీ ఆసక్తికరం. 1941లో అమెరికాలోని టెక్సాస్ పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూర నుండి ఈ విటమిన్‌ను కొద్ది పాటిగా వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. మరికొన్నేళ్లకు దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. 100 గ్రాముల పచ్చి పాలకూరలో ఫోలేట్ 140 నుండి 190 మైక్రోగ్రాముల దాకా ఉంటే, సోయాపాలలో దాదాపు 20 మాత్రమే. గర్భిణులకు దీని అవసరం ఎక్కువ. ఇనుము కూడా పాలకూరలో సుమారు మూడు మి.గ్రా. ఉంటుంది గాని, కాల్షియం లాగే అందులోనూ ఒంటికి పట్టేది కొద్ది భాగమే. పప్పులో మామిడికాయ ముక్కలో, దించాక నిమ్మరసమో పడితే ఆ భాగం కొంత పెరుగుతుంది.

ఆక్సలేటుకు ఇంకో ముఖం ఉంది. మూత్రపిండాల్లో ఏర్పడే రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటువే. పచ్చి పాలకూర రసాన్ని రోజూ గ్లాసుల కొద్దీ తాగి మూత్రపిండాలు దెబ్బతిన్నవారి వివరాలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. ఆకును ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కరిగే ఆక్సలేటులో చాలా భాగం పోతుంది, దానితో పాటు ఫోలేట్, విటమిన్ సి కూడా కొంత పోతాయి. రాళ్ల బాధ ఉన్నవారికి ఆ నష్టం ఫర్వాలేదు. మిగిలినవారు పాలకూర తిన్న పూటే పెరుగు కలుపుకుంటే, పెరుగులోని కాల్షియం ఆక్సలేటును పేగులోనే పట్టేస్తుంది.

పెరుగు మాట వచ్చింది కనుక చెప్పాలి. పాలు తోడుకునేటప్పుడు అందులోని చక్కెరను సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి. అందుకే పాలు పడని చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. సోయాపాలలోనూ పాలకూరలోనూ సహజంగా లేని విటమిన్ బి12 కూడా వాటిలో ఉంది. మా అత్త ఇప్పుడు మధ్యాహ్నం పాలకూర పప్పుతో తిని, చివరికి మజ్జిగన్నం కలుపుకుంటుంది. సోయాపాలను మాత్రం సాయంత్రానికి మార్చింది. ఆమె పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది, సోయా గాని కాల్షియం గాని వెంటనే పడితే ఆ మాత్ర కూడా సరిగా ఒంటికి పట్టదు.