రాణి చేతిలో జల్లెడెందుకు? రినైజాన్స్ రాజచిత్రాలు: అపోహలు - వాస్తవాలు

ఆర్ట్ హిస్టరీ క్లాసులో రినైజాన్స్ కాలపు (యూరప్‌లో సుమారు 14-16 శతాబ్దాలు) ఏ రాజు బొమ్మ స్క్రీన్ మీద వేసినా మొదటి ప్రశ్న ఇదే: "ఆ చేతిలో ఉన్నదానికి అర్థమేంటి సార్?" ఒక్క మాటలో చెప్పేస్తే నోట్సులో రాసుకుని ఊరుకుంటారు. చిక్కంతా అక్కడే.

అపోహ: ఒక్కో వస్తువుకి ఒక్కటే అర్థం. కుక్కంటే విశ్వాసం, ముత్యమంటే పవిత్రత, అంతే.

వాస్తవం: ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ జల్లెడ పట్టుకున్న బొమ్మలు కొన్ని ఉన్నాయి. 1583లో క్వెంటిన్ మెట్సిస్ వేసినది ఇటలీలోని సియెనాలో ఉంది. జల్లెడతో నీళ్ళు మోయడమంటే మనకి దండగ పని. రోమన్ల కథ వేరు. టుచ్చియా అనే పూజారిణి తన శీలం మీద నింద పడితే, టైబర్ నది నీళ్ళు జల్లెడలో మోసుకొచ్చి నిజం నిరూపించుకుంది (మన సీతమ్మ అగ్నిపరీక్ష గుర్తొస్తుంది కదూ). కాబట్టి జల్లెడ కన్యత్వానికి గుర్తు. సరే. కానీ సియెనా బొమ్మలో అదే జల్లెడ అంచు మీద ఇటాలియన్‌లో ఓ మాట ఉంది: మంచి కిందికి రాలుతుంది, చెడు పైన ఉండిపోతుంది అని. అంటే మంచీచెడూ జల్లించే పాలకురాలు కూడా. పైగా ఈ జల్లెడ బొమ్మలు మొదలైంది 1579లో, ఫ్రాన్స్ యువరాజుతో ఆమె పెళ్ళి మాటలు నడుస్తున్న రోజుల్లో. ఆ సంగతి వదిలేసి "కన్యత్వం" అని రాసుకుంటే సగమే చదివినట్టు.

అపోహ: కిరీటం, రాజదండం లేనిదే రాజు బొమ్మ కాదు.

వాస్తవం: 1537లో హోల్బైన్ అనే చిత్రకారుడు గోడ మీద వేసిన ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి రెండూ లేవు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ ఆ తీరే చాలింది. గోడ 1698 అగ్నిప్రమాదంలో పోయింది, నకళ్ళు మిగిలాయి.

అపోహ: ఇప్పుడు మనకి కనిపిస్తున్నదే ఆనాడు వేసింది.

వాస్తవం: 1575 ప్రాంతపు ఒక చిత్రంలో ఎలిజబెత్ ముఖం పాలిపోయి ఉంటుంది. మేకప్ అనుకుంటాం. నిజానికి బుగ్గల ఎరుపు వెలిసిపోయింది. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలోని మరో బొమ్మలో ఆమె వేళ్ళకి మొదట పాము చుట్టుకుని ఉండేది. తర్వాత దాన్ని కప్పేసి గులాబీలు వేశారు. పాము తెలివికి గుర్తు, సైతానుకి కూడా; ఎవరికో టెన్షన్ పట్టుకుని ఉంటుంది. రంగు పాతబడ్డాక పాము మళ్ళీ లీలగా తేలింది. అయితే 1600 ప్రాంతంలో వేసిన ఇంకో చిత్రంలో అదే రాణి ఎడమ చేతి మీద పాము దర్జాగా కూర్చుంది, నోట్లో గుండె ఆకారపు కెంపుతో.