పిల్లల ముక్కు పది రోజులు దాటినా కారుతుంటే

వానలు మొదలై బడులు తెరిస్తే చాలు, విశాఖలో పిల్లల డాక్టర్ల దగ్గర కూర్చోడానికి చోటుండదు. గాజువాకలోనైనా ఎంవీపీ కాలనీలోనైనా వినిపించే మాట ఒకటే: "మావాడికి సైనస్ అండీ, నెల్లాళ్ల నుంచీ ముక్కు కారుతూనే ఉంది, గట్టి మందేదైనా రాయండి." ఆ నెల్లాళ్లూ ఎలా గడిచాయో కాస్త నెమ్మదిగా అడిగితే, మధ్యలో ఓ నాలుగు రోజులు పిల్లాడు బాగానే ఉన్నాడనీ, బడికి వెళ్లాక మళ్లీ మొదలైందనీ తేలుతుంది. అంటే అది ఒక్క రొంప కాదు, ఒకదాని వెనక ఒకటి వచ్చిన రెండు మూడు రొంపలు. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చెయ్యడం మామూలే, ఒక్కోటి వారం పది రోజులుంటుంది, లెక్కేసుకుంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు కూడా ఏడాదిలో రెండు నెలలు కారొచ్చు. ఈ జలుబుల్లో బాక్టీరియా చేరి అసలైన సైనస్ ఇన్ఫెక్షన్‌గా ముదిరేవి నూటికి ఐదు నుంచి పది, అంతే.

సైనస్‌లంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే ఖాళీ గదులు. బుగ్గల వెనకవీ, రెండు కళ్ల మధ్యవీ పుట్టేటప్పటికే చిన్నగా ఉంటాయి. నుదుటి వెనకవి మాత్రం ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా సరిగ్గా ఏర్పడవు. అందుకే నాలుగేళ్ల పిల్ల నుదురు పట్టుకుని తలనొప్పి అంటే "సైనస్ తలనొప్పి" అని మనమే తేల్చెయ్యకూడదు, అక్కడ ఆ సైనసే ఇంకా లేదు. పెద్దవాళ్లలా మొహం బరువనీ, వంగితే నొప్పనీ చిన్నపిల్లలు చెప్పరు కూడా. వాళ్లలో కనిపించేవి వేరు: పగలూ రాత్రీ తగ్గని దగ్గు, ఎన్నిసార్లు పళ్లు తోమినా పోని నోటి వాసన, తిండి దగ్గర పేచీ, ఊరికే చిరాకు.

ఈ గదుల లోపలి పొర రోజంతా పల్చటి జిగురు తయారుచేస్తుంది, దాని మీదుండే సన్నటి నూగు ఆ జిగురుని సన్నని రంధ్రాల గుండా ముక్కులోకి తోసేస్తుంది. వైరస్ వల్ల జలుబు చేసినప్పుడు పొర వాచి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. చాలాసార్లు వాపు తగ్గగానే దారి తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే లోపల నిలిచిపోయిన జిగురులో న్యుమోకాకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లా లాంటి బాక్టీరియాలు పెరుగుతాయి.

ఇక అందరినీ భయపెట్టేది చీమిడి రంగు. పచ్చగా వస్తే ఇన్ఫెక్షన్ వచ్చేసినట్టే అని మన ఇళ్లలో గట్టి నమ్మకం. మామూలు జలుబుని రోజురోజూ గమనించండి. మొదటి రెండు రోజులు నీళ్లలా కారుతుంది, మూడు నాలుగు రోజులకి చిక్కబడి పసుపో ఆకుపచ్చో అవుతుంది, తర్వాత మళ్లీ పల్చబడి తగ్గిపోతుంది. ఆ పచ్చదనం మన తెల్ల రక్తకణాలది. వాటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, దాని రంగే ఆకుపచ్చ. వైరస్ వచ్చినా బాక్టీరియా వచ్చినా ఆ కణాలు అక్కడికి చేరతాయి కాబట్టి, రుమాలు చూసి ఏది వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

చూడాల్సింది రోజులనీ, జబ్బు నడిచే తీరునీ. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2013లో ఇచ్చిన సూచనల ప్రకారం బాక్టీరియా సైనస్‌ని అనుమానించాల్సిన సందర్భాలు మూడు. ముక్కు కారడమో పగటి దగ్గో, లేదా రెండూనో పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గుముఖం పట్టకపోవడం ఒకటి. తగ్గుతోందనుకున్న జలుబు మళ్లీ తిరగబెట్టి కొత్తగా జ్వరం రావడమో, దగ్గు, ముక్కు కారడం ఎక్కువవడమో రెండోది. మొదటి నుంచే 102 డిగ్రీలు దాటిన జ్వరంతో పాటు చిక్కటి చీమిడి వరసగా మూడు రోజులుండటం మూడోది. వీటిలో ఏదీ లేకపోతే అది జలుబే అయ్యుండే అవకాశం ఎక్కువ. మొదటి రకంలో కూడా పిల్లాడు హుషారుగా ఉంటే, డాక్టరు మరో మూడు రోజులు ఆగి చూద్దామనొచ్చు. అలా అన్న డాక్టరుని మార్చెయ్యకండి, ఆయన మీ పిల్లాడికి మేలే చేస్తున్నాడు.

మందు అవసరమైతే సాధారణంగా మొదట వాడేది అమాక్సిసిలిన్, ఒక్కోసారి క్లావులనేట్ కలిపినది. మోతాదు పిల్లల బరువుని బట్టి ఉంటుంది, మూడు రోజుల్లో గుణం కనిపించాలి, కనిపించకపోతే మళ్లీ చూపించాలి. గుణం కనిపించింది కదా అని మధ్యలో ఆపకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ "మూడు రోజుల కోర్సు" మీద నాకు నిజంగా కోపం. సైనస్ తెచ్చే బాక్టీరియాల్లో చాలావాటికి అది అలవాటైపోయింది, అందుకే పైన చెప్పిన అకాడమీ సూచనల్లోనే దాన్ని వాడొద్దన్నారు. ఎక్స్‌రే కూడా తియ్యమని పట్టుబట్టకండి, మామూలు జలుబులో తీసినా సైనస్‌లు మసగ్గానే కనిపిస్తాయి.

ఇంట్లో చెయ్యగలిగినదాంట్లో మంచిది ఉప్పునీరు. మెడికల్ షాపులో సెలైన్ చుక్కలు దొరుకుతాయి. ఇంట్లో చేసుకోవాలంటే పావు లీటరు నీళ్లు బాగా మరగబెట్టి, అర టీస్పూను ఉప్పు కరిగించి, మూతపెట్టి చల్లారనివ్వాలి, ఏ రోజు నీళ్లు ఆ రోజే. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులో పొయ్యకూడదు, మెదడుని తినేసే అమీబా ఆ దారినే వెళ్తుంది. పసిపిల్లలకి పాలు పట్టేముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేసి, కాసేపాగి తుడిస్తే పాలు తాగగలుగుతారు. ఏడాది దాటిన పిల్లలకి రాత్రి పడుకోబోయే ముందు అర చెంచా తేనె ఇస్తే దగ్గు నెమ్మదిస్తుంది. ఏడాది లోపు వాళ్లకి తేనె వద్దే వద్దు.

కొన్ని అలవాట్లు మాత్రం మానుకోవాలి, అమ్మమ్మలు ఏమనుకున్నా సరే. పిల్లాడి మీద దుప్పటి కప్పి వేడినీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టడంలో ఉన్న ప్రమాదం కాలడమే, దాని వల్ల సైనస్ తగ్గుతుందనడానికి మాత్రం సరైన ఆధారం లేదు. పసిబిడ్డ ముక్కులో నూనె చుక్కలేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తేవొచ్చు. కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి, కాబట్టి పసివాళ్ల పక్కలో కర్పూరం మూటలు పెట్టొద్దు, కర్పూరం ఉన్న బామ్‌లు రెండేళ్ల లోపు వాళ్లకి రాయొద్దు. జలుబు సిరప్‌ల సంగతికొస్తే, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్ఎఫ్రిన్ కలిపిన మందుని నాలుగేళ్ల లోపు వాళ్లకి వాడొద్దని 2023 డిసెంబరులో మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. ముక్కు దిబ్బడ వదిలించే చుక్కలు డాక్టరు రాస్తేనే, చెప్పినన్ని రోజులే వెయ్యాలి. రోజులు పెరిగితే ఆ మందే దిబ్బడ తెస్తుంది.

మన ఊరి గాలి గురించి కూడా చెప్పాలి. ఒకపక్క యారాడ కొండ, ఇంకోపక్క కైలాసగిరి, మధ్యలో పళ్లెంలాంటి నేల, అందులో పోర్టు, ఫ్యాక్టరీలు. చలికాలంలో పొగా ధూళీ పైకి లేవకుండా అక్కడే నిలుస్తాయి. వన్‌టౌన్‌లో పొద్దున తుడిచిన బాల్కనీ గట్టు మీద సాయంత్రం వేలితో గీస్తే వేలికి నల్లగా అంటుతుంది. గాలి నాణ్యత పెంచుకోవాల్సిన నగరాల్లో విశాఖని కేంద్రమే చేర్చింది. ఊరి గాలిని మనమొక్కళ్లం మార్చలేం గానీ, ఇంట్లో సిగరెట్, దోమల కాయిల్, మూసిన గదిలో సాంబ్రాణి పొగ మన చేతిలోనివే. సముద్రపు తేమకి గోడలకి పట్టే బూజునీ తుడుస్తూ ఉండాలి.

పన్నెండు వారాలైనా తగ్గకపోతే వెనక వేరే కారణం వెతకాలి. తుమ్ములు, ముక్కు దురద, నీళ్లలా కారడం ఉంటే ఎలర్జీ కావొచ్చు. నోరు తెరుచుకుని నిద్రపోతూ గురక పెడుతుంటే అడినాయిడ్స్ (ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఉండే మెత్తటి కండలు) పెరిగాయేమో చూపించుకోవాలి. ఒక్క ముక్కులోంచే కంపు కొట్టే చీమిడి వస్తుంటే లోపల శనగ గింజో, పూసో, బలపం ముక్కో ఉండొచ్చు. బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే కాల్చేస్తుంది, ఇంట్లో పిన్నీసుతో తియ్యబోకుండా వెంటనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

న్యుమోకాకల్ టీకా (పీసీవీ) ప్రభుత్వ కార్యక్రమంలో 2021 నుంచి దేశమంతా ఉచితంగా ఇస్తున్నారు, ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి. అన్ని సైనస్‌లనీ ఆపదు గానీ, ప్రాణం మీదికి తెచ్చే న్యుమోకాకస్ ఇన్ఫెక్షన్లని తగ్గిస్తుంది, కాబట్టి కార్డు తీసి మూడు డోసులూ పడ్డాయో లేదో చూడండి.

పది రోజుల లెక్క పనికిరాని సందర్భాలున్నాయి. కంటి చుట్టూ వాచి ఎర్రబడటం, కన్ను కదిపితే నొప్పి, ఒకటి రెండుగా కనిపించడం, ఆగని వాంతులతో తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, లేపినా మగతగా పడుండటం. కళ్ల మధ్యనున్న సైనస్‌కీ కంటికీ నడుమ ఉండేది కాగితమంత పల్చటి ఎముకే, ఇన్ఫెక్షన్ దాన్ని దాటితే చూపు పోవచ్చు, మెదడుకీ పాకొచ్చు. ఇలాంటప్పుడు తెల్లారేదాకా చూడకండి, అర్ధరాత్రయినా సరే కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో, మీకు దగ్గర్లో పిల్లల వార్డున్న పెద్దాసుపత్రికో బయల్దేరండి.