లేత్ మిషన్ ఎందుకు ఆగింది

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. షెడ్డులో లేత్ మిషన్ (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) ఎందుకు ఆగిందని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. అది నిదానంగా చెప్పాల్సిన సంగతని ఉత్తరం రాస్తున్నాను.

పచ్చ బటన్ నొక్కగానే స్టార్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెట్టె) టక్‌మని పట్టింది. మోటారు మాత్రం గుంయ్‌మని మూలుగుతోంది, తిరగడం లేదు. వెంటనే ఎర్ర బటన్ నొక్కేశాను. త్రీ ఫేజ్ మోటారుకు మూడు ఫేజులూ, అంటే మూడు తీగల్లో వచ్చే కరెంటూ, అందితేనే లోపల అయస్కాంత బలం గుండ్రంగా తిరుగుతుంది, దాని వెంట రోటర్ (మోటారులో తిరిగే భాగం) తిరుగుతుంది. రెండే అందితే ఆ బలం ఉన్నచోటే ఊగుతుంది. కరెంటు మాత్రం విపరీతంగా లాగుతుంది, కాసేపట్లో వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్లు) మాడిపోతుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఇదే మూలుగు విన్నాను. టెస్టర్ పెట్టి చూస్తే స్టార్టర్ నుంచి మోటారుకు వెళ్లే మూడు తీగల దగ్గరా వెలిగింది. కరెంటు వస్తోంది కాబట్టి మోటారే పోయిందని విప్పి రీవైండింగ్‌కి పంపాను. వారం పోయింది, డబ్బూ పోయింది. తెచ్చి బిగిస్తే మళ్లీ అదే గుంయ్! ఆ రోజు నాకు అన్నం సయించలేదు. తర్వాత మా మేస్త్రీ చెప్పాడు: రాని ఫేజు దగ్గర టెస్టర్ వెలిగించింది మిగతా రెండు ఫేజుల కరెంటే, మోటారు చుట్ల గుండా వెనక్కి వచ్చి. టెస్టర్ వెలిగిందంటే అక్కడ కరెంటు ఉందని మాత్రమే తెలుస్తుంది, ఎటు నుంచి వచ్చిందో తెలియదు.

అందుకే ఈసారి కరెంటు వచ్చే వైపు నుంచి మొదలుపెట్టాను. స్టార్టర్‌లోకి వచ్చే తీగల్లో ఏ రెండింటి మధ్య మీటరు పెట్టినా 415 వోల్టులకు దగ్గరగా చూపించింది. అంటే లైనూ ఫ్యూజులూ బాగున్నాయి. (ఈ కొలత పెద్దవాళ్లు తీయాల్సిందే. మీరు దూరంగా నిలబడి చూడాలి.) తర్వాత మెయిన్ ఆపి, ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకున్నాను. నేను పనిలో ఉండగా ఇంకెవరూ వాటిని పెట్టకూడదని.

మోటారు తీగలు విప్పి రెండేసి చొప్పున మీటరుతో ఓమ్స్‌లో (కరెంటును ఎంత అడ్డుకుంటున్నాయో) చూస్తే మూడు కొలతలూ ఒకటే. చుట్లు బాడీకి ఎక్కడా తగలడం లేదని మెగ్గర్ (కరెంటు లీకు చూసే మీటరు) చెప్పింది. ఇక మిగిలింది స్టార్టరే. మూత తీస్తే ఒక కాంటాక్టు (కరెంటును కలిపే లోహపు బిళ్ల) నల్లగా, గుంటలు పడి ఉంది. కాయిల్ (కాంటాక్టులను లాగే విద్యుదయస్కాంతం) పట్టినా అది ఆనడం లేదు. మూడు కాంటాక్టులూ మార్చేశాను.

ఇంకో తప్పు కూడా దొరికింది, దాంతో నాకు నిజంగా భయమేసింది. మోటారు మీది రేకులో 5 ఆంపియర్లని ఉంటే, ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) డయల్‌ను ఎవరో 8కి తిప్పేశారు. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని తిప్పి ఉంటారు. మోటారును కాపాడాల్సింది అదే కదా! మళ్లీ 5కే పెట్టాను.

ఆ కాలిన కాంటాక్టును మీకోసం అగ్గిపెట్టెలో దాచాను. సెలవులకు వచ్చినప్పుడు కొత్తదాని పక్కన పెట్టి చూద్దురు గాని.

మీ తాతయ్య