మందు కొట్టడమేనా మా పని? కరోనా కాలం శానిటేషన్ మీద అపోహలు - వాస్తవాలు

నేను ఒక చిన్న మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన రోజు నుంచి నాకు వచ్చిన ఫోన్లలో సగానికి పైగా ఒకటే ప్రశ్న: "సార్, మా వీధిలో మందు ఎప్పుడు కొట్టిస్తారు?" ఇప్పుడు కూడా ఊళ్లో ఏ జ్వరం మొదలైనా అదే అడుగుతారు. అడిగిన ప్రతి ఒక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వీధంతా హైపో కొడితే వైరస్ చచ్చిపోతుంది.

వాస్తవం: హైపో అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, మీరు మందు అనేది దాన్నే. అందులో పనిచేసేది క్లోరిన్. దానికి మట్టి, పేడ, ఆకులు ఏది తగిలినా ముందు వాటితోనే ఖర్చయిపోతుంది, వైరస్ దాకా మిగిలేది తక్కువ. పైగా మందు పడిన చోటు కనీసం కొన్ని నిమిషాలైనా తడిగా ఉండాలి, మన ఏప్రిల్ ఎండలో రోడ్డు మీద పడ్డ నీళ్లు ఎంతసేపు ఉంటాయో మీకు తెలియంది కాదు. వీధుల్లో చల్లడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. మరి మీరెందుకు కొట్టారు అంటారా? మీరు అడిగారు కాబట్టి. ట్యాంకర్ వస్తే కనిపిస్తుంది, సౌండ్ వస్తుంది, ఫోటో బాగా పడుతుంది. అదే మా శానిటేషన్ మేస్త్రీ ఒకరు ఇద్దరు మనుషులతో అపార్ట్‌మెంట్ మెట్ల రెయిలింగ్, లిఫ్ట్ బటన్లు, గేటు గొళ్లెం ముందు సబ్బు నీళ్లతో కడిగి తర్వాత హైపో గుడ్డతో తుడిచి వెళ్తే, "ఇంతేనా, మందు కొట్టరా?" అని బాల్కనీలోంచి అరిచినవాళ్లున్నారు. ఆ తుడవడం కూడా మొదట్లో మనం అనుకున్నంత పెద్ద పనేం కాదని, ఈ వైరస్ ముఖ్యంగా గాలి ద్వారానే అంటుతుందని తర్వాత తేలింది. అంటే నేను రోగి ఉన్న ఇంట్లోకి వెళ్లి చేయాల్సిన మొదటి పని కిటికీ తీయించడం. ఆ మాట చెబితే దోమలొస్తాయి సార్ అనేవారు, అదీ నిజమే.

మనుషుల మీద కొట్టడం అయితే ఘోరం. మార్చి నెలాఖరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఊళ్లకి తిరిగొచ్చిన కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి మందు కొట్టిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ మనుషుల మీద చల్లకూడదని స్పష్టంగా చెప్పింది. ఒంట్లోకి చేరిన వైరస్‌ని చర్మం మీద చల్లిన మందు ఏం చేస్తుంది? కళ్లు మండుతాయి, వాంతులొస్తాయి, దగ్గు పట్టుకుంటుంది. అయినా రైతు బజార్ల ముందు పెట్టిన, మందు చల్లే టన్నెళ్లలోంచి పిల్లల్ని ఎత్తుకుని మరీ నడిచారు జనం.

అపోహ: ఘాటు ఎంత ఉంటే అంత పవర్.

మా వర్కర్లలోనూ ఉంది ఇది, కాబట్టి మిమ్మల్ని అనను. 5 శాతం హైపో ఒక లీటరుకి నాలుగు లీటర్ల నీళ్లు కలిపితే 1 శాతం ద్రావణం వస్తుంది, అప్పట్లో మేం వాడింది అదే. బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం క్లోరిన్ ఉంటే లీటరు నీళ్లకి 33 గ్రాములు. అయితే గోడౌన్‌లో మూతి కట్టకుండా వదిలేసిన బస్తాలో 30 శాతం ఎక్కడుంటుంది, తేమకి ఎప్పుడో పోయి ఉంటుంది, మిగిలేది సున్నం. కాలువల పక్కన తెల్లగా గీతలు గీసినట్టు చల్లేది చాలాసార్లు ఆ సున్నమే అని ఒప్పుకోవాలి. ఇంకొకటి, ఇళ్లలో చేసేవాళ్లు బాగా గుర్తుపెట్టుకోండి: బాత్రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ కలపొద్దు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు వేసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: కరోనా ఇంటి చెత్త ముట్టుకుంటే అంటుకుంటుంది, అందుకే ఎక్కడో పడేయాలి.

ఈ అపోహ వల్ల మా వాళ్లు పడ్డ బాధ అంతా ఇంతా కాదు. అప్పటి నియమం చాలా సింపుల్. పాజిటివ్ ఉన్న ఇంట్లో రోగి వాడిన మాస్కులు, గ్లవుజులు, టిష్యూలు పసుపు కవర్లో కట్టి విడిగా ఇవ్వాలి, అవి ఆస్పత్రి వ్యర్థాలతో పాటు కాల్చే ప్లాంటుకి వెళ్తాయి. రోగం లేని ఇంట్లో అయితే వాడిన మాస్కుని కాగితం సంచిలో 72 గంటలు ఉంచి, ముక్కలుగా కత్తిరించి పొడి చెత్తలో వేస్తే చాలు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది ఇదే. కత్తిరించడం ఎందుకంటే, కత్తిరించకపోతే ఎవరో ఏరుకుని ఉతికి మళ్లీ అమ్మేస్తారు.

జరిగింది వేరు. మొదటి కొన్ని వారాలు మాకు పసుపు కవర్లే రాలేదు. పాజిటివ్ అని చెబితే గేటుకి స్టిక్కర్ అంటిస్తారని భయపడి మామూలు చెత్తలోనే కలిపేసేవాళ్లు. మాస్కు, అన్నం, పిల్లల డైపరు అన్నీ ఒకే కవర్లో. బండి దగ్గర మా వర్కరమ్మ ఆ కవరు విప్పి చేత్తో తడి, పొడి వేరు చేయాలి. ఆమెకిచ్చిన గ్లవుజులు రెండో రోజుకే చిరిగాయి. రెండో అంతస్తు నుంచి కవరు విసిరేసి తలుపేసుకున్న ఇల్లు ఒకటుంది. "మేమేం చేశాం సార్, కుక్కకైనా పిలిచి పెడతారు కదా" అంది ఆమె. నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా ఆమె పేరు తెలియని అదే వీధి వాళ్లు తర్వాత దండలు వేసి, పాదాలు కడిగి ఫోటోలు దిగారు. దండకి బదులు ఒక జత మందపాటి గ్లవుజులు ఇచ్చుంటే నాలుగు నెలలు వచ్చేవి.

చితాభస్మం గురించి కూడా చెప్పాలి. బూడిదతో వైరస్ రాదు, నిప్పులో కాలాక ఇంకేం మిగులుతుంది? ఆ విషయం కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా అస్థికలు తీసుకోవడానికి ఎవరూ రాక కాటికాపరి షెడ్డులో వరసగా వేలాడిన మూటలు చూశాను.

అపోహ: కరోనా టైంలో మీకు కరోనా తప్ప వేరే పనేముంది?

ఒక రోగం ముందు తలుపులోంచి వస్తే రెండోది దొడ్డి తలుపులోంచి రాకుండా చూడటమే మా అసలు పని. కాలేజీ హాస్టళ్లను క్వారంటైన్ సెంటర్లుగా మార్చారు కదా, సెలవులతో వారాల తరబడి సంపుల్లో కదలకుండా ఉన్న నీళ్లు అవి. కడిగించి, క్లోరిన్ వేయించి, చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌లో, అంటే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే పరికరంలో, నీళ్లు పట్టి చుక్కలు వేసి పసుపు రంగు వచ్చిందా లేదా చూడాలి. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. ఉండకపోతే కరోనా అనుమానంతో వచ్చినవాడు విరేచనాలతో ఇంటికి వెళ్తాడు. తర్వాత వానలు, దోమలు. అప్పుడు తెలంగాణలో మున్సిపల్ మంత్రిగా ఉన్న కేటీఆర్ ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలవ నీళ్లు పారబోయండి అన్నది ఊరికే కాదు. డెంగీ దోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది, వారానికోసారి పారబోస్తే అది రెక్కలు విప్పదు. ఫాగింగ్ మాత్రం ఆ క్షణాన ఎగిరే దోమనే చంపుతుంది. కానీ ఫాగింగ్‌కి పొగ వస్తుంది, అందుకే అది కావాలంటారు!

ఇక డ్రైనేజీ. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధనా సంస్థల శాస్త్రవేత్తలు మురుగు శుద్ధి కేంద్రాల నీటిలో వైరస్ శకలాలు కొలిచి నగరంలో ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా వేశారు. వెంటనే "కాలువ పక్కన నడిస్తే కరోనా" అని వాట్సాప్‌లో తిరిగింది. ఆ శకలాలకు రోగం అంటించే శక్తి లేదని వాళ్లే చెప్పారు.

అలాగని పైపుల్ని తేలిగ్గా తీసుకోకండి. 2003లో కరోనా జాతి వైరస్ వల్లే వచ్చే సార్స్ అనే రోగం వచ్చినప్పుడు హాంకాంగ్‌లో అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా రోగం పాకింది. విచారణలో తేలిన కారణాల్లో ఒకటి, బాత్రూమ్ నేలలో ఉండే జాలీ కింద యూ ఆకారపు వంపు ఎండిపోవడం. ఆ వంపులో నిలిచే కాసిని నీళ్లే మురుగు గొట్టంలోని గాలిని ఇంట్లోకి రానివ్వని మూత. నీళ్లు పోసి కడగకుండా తడిగుడ్డతో తుడుస్తూ వచ్చేసరికి ఆ మూత లేకుండా పోయింది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయగానే గొట్టంలోని తుంపర్లు లోపలికొచ్చాయి. మీ ఇంట్లో ఎవరూ వాడని బాత్రూమ్ ఉంటే, లేదా ఊరెళ్లి నెల తర్వాత తిరిగొస్తే, తలుపు తీయగానే కంపు కొడితే నాకు ఫోన్ చేసి మందు అడక్కండి. జాలీలో ఒక చెంబు నీళ్లు పోయండి.