పదివేల ర్యాంకు గీత: స్కాలర్‌షిప్ సీటు వైపు ఎందుకు మొగ్గుతున్నారు

ఇంజినీరింగ్ సీట్ల కోసం ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, హైదరాబాద్‌లో మళ్లీ అదే వాదన. గండిపేట వైపు పేరున్న కాలేజీలో సీటొస్తుంటే వదులుకుని, ర్యాంకు చూసి ఫీజు తగ్గిస్తామన్న ప్రైవేటు యూనివర్సిటీలో చేర్పిస్తారా అని చుట్టాలు నిలదీస్తారు. పిల్లల కాలేజీ ఫీజును ప్రభుత్వమే భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎలా మొదలైందో అందరికీ తెలుసు. ఈ వాదనకు మూలం మాత్రం 2012 నాటి నిర్ణయం.

బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పిల్లలకు 10 వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు, దాటితే 35 వేలే అని అప్పుడు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గీత గీసింది. ఎస్సీ, ఎస్టీలకు, ఇంకొందరికి మినహాయింపు ఉంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా ఆ గీతనే ఉంచుకుంది. ఫీజులు మాత్రం ఆగలేదు. 2022లో కనీస ఫీజే 35 వేల నుంచి 45 వేలైంది. గండిపేటలోని ఎంజీఐటీ కాలేజీ ఫీజు ఏడాదికి 1.60 లక్షలకు చేరింది. రీయింబర్స్‌మెంట్ అదే 35 వేలు.

ఆ లెక్కన 9,900 ర్యాంకు అమ్మాయి అక్కడ ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. 10,100 వచ్చిన అమ్మాయి ఏటా 1.25 లక్షలు, నాలుగేళ్లకు 5 లక్షలు కట్టాలి. ఈ పథకానికి నగరంలో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. సంపాదనలో సగానికి పైగా ఒక్క ఫీజుకే పోతే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది? చుట్టాలు ఈ ప్రశ్న అడగరు.

తెలంగాణ 2018లో తెచ్చిన ప్రైవేటు యూనివర్సిటీల చట్టం కింద 2020లో మహీంద్రా, అనురాగ్, మల్లారెడ్డి సహా ఐదు ప్రైవేటు యూనివర్సిటీలకు అనుమతి వచ్చింది. ర్యాంకు, ఇంటర్ మార్కుల మీద ఫీజు రాయితీ ఇచ్చే సంస్థలు పెరిగేకొద్దీ, గీత అవతల ఉండిపోయిన ఇళ్లకు ఇంకో దారి దొరికింది. అక్కడా షరతులున్నాయి. చాలాచోట్ల ఏటా కావలసిన సీజీపీఏ (సగటు గ్రేడు) రాకపోయినా, ఏదైనా సబ్జెక్టు తప్పి బ్యాక్‌లాగ్ పడినా రాయితీ పోతుంది. చేరేముందే ఆ షరతులు రాతపూర్వకంగా తీసుకుంటున్న తల్లిదండ్రులు తెలివైనవాళ్లు.

రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం ఇవ్వాల్సిన బకాయిలు ఏళ్ల తరబడి రావడం లేదని, జీతాలివ్వడమే కష్టమవుతోందని కాలేజీల యాజమాన్యాలు అంటున్నాయి. అది నిజమే. కానీ బకాయిలన్నీ ఒక్కరోజులో తీరినా 10,100 ర్యాంకు అమ్మాయి కట్టాల్సిన 1.25 లక్షల్లో ఒక్క రూపాయి తగ్గదు. ర్యాంకు నిబంధన ఎత్తేయాలని బీసీ సంఘాలు ఎప్పటి నుంచో అడుగుతున్నాయి.