కొబ్బరి దింపు ఎప్పుడో తెలుసుకోకుండా కెమెరా తీయొద్దు: డాక్యుమెంటరీ మీద అపోహలు – వాస్తవాలు

ఒక మనిషి వెంట ఉండి, వాళ్ళ పని వాళ్ళని చేసుకోనిచ్చి తీసే పరిశీలన డాక్యుమెంటరీ చాలా తేలికని కొత్తగా కెమెరా పట్టినవాళ్ళు అనుకుంటారు. లైట్లు లేవు, నటులు లేరు, స్క్రిప్టు లేదు. కానీ గోదావరి డెల్టాలో ఇలాంటి సినిమా చాలాసార్లు కెమెరా ఆన్ చేయకముందే చెడిపోతుంది.

అపోహ: పరిశీలన అంటే కెమెరా పెట్టి, ఏం జరుగుతుందా అని ఎదురుచూడడం.

వాస్తవం: ఏం జరగబోతోందో తెలిసినవాళ్ళకే అది కెమెరాకు దొరుకుతుంది. కొబ్బరి దింపునే, అంటే చెట్టెక్కి కాయలు కోసి దించడాన్నే తీసుకోండి. ఒక తోటలో నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి దింపు తీస్తారు. ఆ రోజు చేజారితే మళ్ళీ అన్నాళ్ళూ ఆగాల్సిందే. అందుకే మొదటి దింపుకు కెమెరా లేకుండా వెళ్ళి, పని వరస నేర్చుకోవాలి. దింపు మనిషి కాళ్ళకు తాడు తగిలించుకుని ఎక్కుతాడు, గెలలు చూసుకుంటాడు, కత్తి వేస్తాడు. కింద ఉన్నవాళ్ళు కాయలు ఏరి రాశి పోస్తారు. ఒక్కో చెట్టు దగ్గర అంతా నిమిషాల్లో అయిపోతుంది.

అయినా "ఇంకోసారి ఎక్కండి" అని అడగనక్కర్లేదు, ఎందుకంటే పక్క చెట్టుకు ఆయనే మళ్ళీ ఎక్కుతాడు. మొదటి చెట్టుకు వైడ్ షాట్. రెండో చెట్టుకు పాదాలు, తాడు. మూడో చెట్టుకు ఆయన్ని వదిలేసి, కింద తలెత్తి చూస్తున్నవాళ్ళ ముఖాలు. నాలుగో చెట్టుకు కాయ నేలను తాకడం. ఈ నాలుగూ అరగంటలోపు తీస్తే ఎండ మారదు, ఎడిటింగ్‌లో ఒకే చెట్టులా అతుకుతుంది. పాదాల షాట్‌ను కత్తి వేయకముందే ముగించి, 20 అడుగులు అవతలికి వచ్చేయాలి.

నీళ్ళ క్యాలెండరు కూడా ఇంతే. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. కాలువ గట్టు జీవితం తీయాలనుకుని మే నెలలో దిగితే కనిపించేది బురదే. వరదల కాలంలో లంకల్లో, అంటే గోదావరి మధ్య దీవుల్లో షూటింగు చేసేవాళ్ళు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం రోజూ చూసుకోవాలి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ లోపే సామాను గట్టు దాటించాలి.

అపోహ: కోనసీమలో కెమెరా ఎక్కడ పెట్టినా అందమే.

వాస్తవం: అందం వస్తుంది, మనిషి కనబడకుండా పోతాడు. తోటలో ఆకుల మీద పడి వచ్చే వెలుగు ముఖానికి ఆకుపచ్చ ఛాయ పూస్తుంది. వెలుగును బట్టి రంగులను కెమెరాయే సర్దుకునే ఆటో వైట్ బ్యాలెన్స్ షాట్ మధ్యలో రంగు మార్చేస్తుంది, దాన్ని ఆపి 5600 కెల్విన్ దగ్గర కట్టేయండి. ఎక్స్‌పోజర్ ముఖానికి పెట్టండి, వెనక ఆకాశం తెల్లబోతే పోనివ్వండి. సెకనుకు 25 ఫ్రేములు, 1/50 సెకను షటర్ వాడితే ఇళ్ళల్లో ట్యూబులైట్లు మిణకవు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా తోటలోకి తెస్తే లెన్సుకు చెమ్మ పడుతుంది. గాలి చొరని సంచిలో మూసి, బయట అరగంట ఉంచాకే తీయాలి.

అపోహ: శబ్దం ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు.

వాస్తవం: దీని వల్ల పోయినన్ని సినిమాలు దేని వల్లా పోలేదు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి దాటించే పంటు (ఇంజిన్ పడవ) మీద సంభాషణ తీశారనుకోండి. ఇంజిన్ మోత, మాట ఒకే స్వరాల్లో కలిసి ఉంటాయి. మోత తీసేస్తే హల్లులు కూడా పోతాయి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. మోతను అలాగే ఉంచి కట్ చేస్తే ప్రతి కట్ దగ్గరా మోత ఎగిరిపడుతుంది. అందుకే మాటలు రేవులో పంటు కోసం నిలబడినప్పుడు తీయండి. పంటు మీద ఇంజిన్ శబ్దం విడిగా, మూడు చోట్ల నుంచి నిమిషం చొప్పున రికార్డు చేయండి.

చొక్కా లేకుండా పనిచేసేవాళ్ళకు కాలర్ మైక్ ఎక్కడ పెట్టాలి? తలపాగా మడతలో, నుదుటి పైన. తల ఎటు తిరిగినా నోటికి, మైక్‌కు దూరం మారదు. ఆడవాళ్ళకు మైక్ పెట్టే పని బృందంలో ఒక స్త్రీయే చేయాలి, ఇందులో సర్దుబాటు లేదు. అంతర్వేది సముద్రపు ఒడ్డున మైక్ మీది ఫోము తొడుగు గాలికి ఆగదు, బొచ్చు తొడుగు కావాలి. మాట గట్టిగా వచ్చినప్పుడు రికార్డింగు శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ప్రతి చోటా వెళ్ళేముందు నిమిషం పాటు అందరూ ఊరుకుని, ఆ చోటి శబ్దం పట్టుకోవాలి.

అపోహ: ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిది.

వాస్తవం: సెకనుకు 100 మెగాబిట్ల రికార్డింగు గంటకు 45 జీబీ తింటుంది. 40 గంటలకు 1.8 టీబీ, మూడు కాపీలకు 5.4 టీబీ. డిస్కులు కొనుక్కోవచ్చు, చూసే ఓపిక కొనలేం. ఆ రాత్రే చూసి రాసుకోని ఫుటేజీ తీయనట్టే లెక్క.

డ్రోన్ గురించి క్లుప్తంగా: డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూసుకోండి, గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటొద్దు. కోరంగి అభయారణ్యంలోనైతే నేల మీద షూటింగుకూ అటవీ శాఖ అనుమతి కావాలి.

అపోహ: కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అనుమతి వచ్చినట్టే.

వాస్తవం: మొదటి రోజు ఆ మనిషికి సినిమాలో ఏముంటుందో తెలియదు. మొదట అడగాలి, సగంలో అడగాలి, తొలి కూర్పు వాళ్ళింట్లోనే చూపించి మళ్ళీ అడగాలి. ఎవరెవరికి, ఎక్కడ చూపిస్తామో కెమెరా ఎదుటే చెప్పాలి. మాటలకు డబ్బివ్వకూడదు. మన వల్ల కూలి పోతే మాత్రం ఆ రోజు కూలి ఇచ్చి తీరాలి.

చివరిగా ఎడిటర్లకు ఒక మాట. గోదావరి మాటల్లో వచ్చే "ఆయ్" అనేది ఊతపదమని కోసేస్తుంటారు. అది ఎదుటి మనిషి పట్ల మర్యాద. "రేపొస్తారా?" అంటే "ఆయ్" అన్నప్పుడు, ఒప్పుకుంటున్నారో, మొహమాటపడుతున్నారో ఆ తర్వాతి సెకనులో ముఖమే చెబుతుంది. ఆ సెకను ఉంచి కట్ చేయండి.